స్కీ బూటు లైనర్: సౌఖ్యం, పట్టు
స్కీ బూటులో గట్టి ప్లాస్టిక్ కవచం, దాని లోపల మెత్తని లైనర్ ఉంటాయి. వాడేకొద్దీ లైనర్‌లోని ఫోమ్ అణగి బూటు వదులవుతుంది. కనుక కొన్ననాడే వదులుగా, హాయిగా తోచిన బూటులో కొంతకాలానికి మడమ పైకి లేస్తుంది. పట్టు కోసం బకిల్స్ బిగిస్తే రక్తప్రసరణ తగ్గి వేళ్లు చల్లబడతాయి. అందువల్ల కొత్త లైనర్ నొప్పి కలిగించకుండా పాదాన్ని గట్టిగా పట్టి ఉంచాలి.

వేడితో మలచదగిన ఇవిఎ ఫోమ్ లైనర్‌ను ముందుగా వేడిచేస్తారు. వేళ్లకు చోటు మిగిలేందుకు వాటిపై మెత్తని తొడుగు ఉంచి, బూటు ధరించి, బకిల్స్ బిగించి కదలకుండా నిలబడాలి. చల్లారేసరికి ఫోమ్ చీలమండ వద్ద పలచబడి పాదాకృతిని పొందుతుంది. అయితే ఎముకను ఒత్తుతున్నది కవచమే అయినప్పుడు లైనర్‌ను మలచడం చాలదు. ఆ చోట కవచాన్నే వేడిచేసి వెలుపలికి సాగదీయవలసి ఉంటుంది. స్కీ బూటులో సౌఖ్యం వదులుతనం వల్ల కాక, ఒత్తిడి పాదమంతటా సమంగా పరచుకోవడం వల్ల కలుగుతుంది.