నిజం చెబితే పోయేవేమిటి?

దళిత క్రైస్తవుల మీద పాత నింద ఒకటుంది. ఆదివారం చర్చికి వెళ్తారు, సోమవారం ఆఫీసులో హిందూ ఎస్సీ సర్టిఫికెట్ చూపిస్తారు, ఇదేం నిజాయితీ అని. ఈ మాట అనేముందు, నిజం చెప్పినవాళ్ల నుంచి చట్టం ఏం లాక్కుంటుందో చూడాలి.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. అందులోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. వాళ్లకున్న రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ రిజర్వుడు సీటులో పోటీ చేయడానికి వీల్లేదు.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై తాను క్రైస్తవుడినని దాచలేదు. అదే పని చేసే హిందూ దళితులకు ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చింది, ఆయనకివ్వలేదు. మతం మారాక కూడా కులం బాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపలేదంటూ 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టర్ పెట్టిన కేసులో, ఎస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా మతం మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదని చెప్పింది. తిట్టేవాడు మాత్రం మతం అడిగి తిట్టడు.

కాబట్టి దాచుకోక తప్పనివాళ్లను మోసగాళ్లనడం అన్యాయం. అలాగని విశ్వాసి బాధ్యత అక్కడితో తీరదు. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంఘంలో పెళ్లి సంబంధాలు ఇంకా కులం చూసే కుదురుతున్నాయి. మాల, మాదిగ విశ్వాసుల మధ్య కూడా ఈ గోడ ఉంది. దీనికి ఏ చట్టాన్నీ తప్పుపట్టలేం. ఇంట్లో కులాన్ని కాపాడుకుంటూ బయట సమానత్వం బోధిస్తే అదీ రెండు నాల్కల బతుకే.

మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానించింది. సర్టిఫికెట్ కోసం ఒంటరిగా మౌనంగా ఉండక తప్పనివాళ్లు కూడా, మూడో పేరా తీసేయాలన్న డిమాండ్ దగ్గర పదిమందితో కలిసి గొంతు విప్పొచ్చు. చర్చి, దళిత సంఘాలు వాళ్లకు ఆ అండ ఇవ్వాలి. నిజం చెప్పమని మనిషిని అడిగే హక్కు, నిజం చెప్పినవాడి పక్కన నిలబడేవాళ్లకే ఉంటుంది.