కువైట్ దాహం తీర్చిన యంత్రం

కువైట్ నగరానికి నది లేదు, చెరువు లేదు. ఏడాది పొడవునా కురిసే వాన సగటున 120 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఊరి చుట్టూ తవ్విన బావుల్లో కొద్దిపాటి మంచినీరు ఊరేది. జనం పెరిగాక అవి చాలలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో చెక్క ఓడలు షత్ అల్ అరబ్ నది దాకా వెళ్లి నీళ్లు నింపుకొని వచ్చేవి. గాలి అనుకూలించకపోతే ఓడ ఆలస్యమయ్యేది, నగరంలో నీటికి కటకట మొదలయ్యేది.

1946లో చమురు ఎగుమతి మొదలవడంతో పరిస్థితి మారింది. చేతిలో డబ్బుంది, చమురుతో పాటు ఉబికే గ్యాసుంది, ఎదురుగా సముద్రముంది. 1953లో షువైఖ్ రేవు దగ్గర రోజుకు పది లక్షల గ్యాలన్ల నీటిని స్వేదనం చేసే కేంద్రం పని మొదలుపెట్టింది. పద్ధతి పాతదే: సముద్రపు నీటిలో మునిగిన గొట్టాల్లోకి వేడి ఆవిరి పంపి ఆ నీటిని మరిగించడం, లేచిన ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం. ఎసరు మరుగుతున్నప్పుడు మూత లోపల చేరే బొట్లు ఉప్పగా ఉండవు, సూత్రం అంతే.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 335 కిలోజౌళ్లు చాలు. అదే నీటిని ఆవిరిగా మార్చడానికి మరో 2,260 కావాలి. ఈ గుప్తోష్ణాన్ని తిరిగి రాబట్టుకోకపోతే గ్యాసు ఎంత చవకైనా నష్టమే. రెండోది గార. నీరు గొట్టాన్ని అంటుకొనే మరుగుతుంది కాబట్టి కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆ గొట్టం మీదే గట్టిపడతాయి. గార పట్టిన గొట్టం వేడిని అందించదు. దాన్ని గీకి శుభ్రం చేయాలంటే యంత్రాన్ని ఆపక తప్పదు.

ఈ రెండింటికీ ఒకే జవాబుగా వచ్చింది మల్టీస్టేజ్ ఫ్లాష్. ఇందులో సముద్రపు నీటిని ఒత్తిడి కింద, మరగనివ్వకుండా 90 డిగ్రీలకో అంతకు కాస్త పైకో వేడిచేస్తారు. ఆ నీటిని పీడనం తక్కువగా ఉన్న గదిలోకి వదిలితే అందులో కొంత భాగం చటుక్కున ఆవిరవుతుంది. మిగిలినది కాస్త చల్లబడి, ఇంకా తక్కువ పీడనం ఉన్న పక్క గదిలోకి పోయి అక్కడా కొంత ఆవిరవుతుంది. గది పైభాగంలో ఉన్న గొట్టాల్లో కొత్తగా వస్తున్న చల్లని సముద్రపు నీరు ప్రవహిస్తుంటుంది. ఆవిరి ఆ గొట్టాలకు తగిలి మంచినీరై కింద తొట్టిలో పడుతుంది. దాని గుప్తోష్ణంలో చాలా భాగం లోపలికి వచ్చే నీటిని వేడిచేయడానికే పనికొస్తుంది. మరగడం గొట్టం మీద కాక నీటి మధ్యలోనే జరుగుతుంది కనుక గార బెడద బాగా తగ్గుతుంది.

1957లో కువైట్‌లో పెట్టిన ఫ్లాష్ యంత్రాలకు నాలుగేసి గదులుండేవి. అదే కాలంలో స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ సిల్వర్ ఇంకో దారి చూశాడు. ఒక టన్ను ఆవిరి ఖర్చుతో ఎన్ని టన్నుల మంచినీరు కావాలో, ఆ సంఖ్యకు రెండు మూడు రెట్ల గదులు పెట్టాలన్నాడు. గదులు పెరిగితే ఆవిరికీ గొట్టంలోని నీటికీ మధ్య సగటు ఉష్ణోగ్రతా భేదం పెరుగుతుంది, అదే వేడిని మార్చడానికి తక్కువ గొట్టం సరిపోతుంది. రాగి మిశ్రమ లోహపు గొట్టాలే అన్నిటికంటే ఖరీదైన భాగం కాబట్టి యంత్రం ధర దిగివచ్చింది. గోడలు పెంచి ఖర్చు తగ్గించడం నిజంగా గొప్ప ఊహ. 1960లో షువైఖ్‌లో పంతొమ్మిది గదుల యంత్రాలు నడిచాయి. ఈ కృషికి సిల్వర్ 1968లో యునెస్కో సైన్స్ బహుమతి అందుకున్నాడు.

తర్వాతి దశాబ్దాల్లో గల్ఫ్ దేశాలన్నీ ఈ బాటే పట్టాయి. విద్యుత్ కేంద్రంలో టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరినే ఫ్లాష్ యంత్రానికి మళ్లించారు. టన్ను ఆవిరికి ఎనిమిది టన్నుల నీరు తీయడం మామూలైంది. స్వేదనజలంలో ఖనిజాలుండవు, రుచీ ఉండదు, పైపులనూ తినేస్తుంది. అందుకే కువైట్‌లో భూగర్భం నుంచి తోడిన ఉప్పదనమున్న నీటిని కొద్ది పాళ్లలో కలిపి సరఫరా చేస్తారు. కడప, గోదావరి జిల్లాల నుంచి పనికి వెళ్లినవారు అక్కడ కుళాయి తిప్పితే వచ్చేదీ ఆ నీరే.

సముద్రాన్నే నమ్ముకోవడంలో ప్రమాదం 1991లో బయటపడింది. గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ సేనలు గల్ఫ్ జలాల్లోకి చమురు వదిలినప్పుడు, సౌదీ అరేబియాలోని జుబైల్ కేంద్రంలోకి ఆ తెట్టు చొరబడకుండా నీటి మీద తేలే అడ్డుకట్టలు వేయాల్సి వచ్చింది.

ఫ్లాష్ యంత్రానికి పోటీ వేడి అక్కర్లేని పద్ధతి నుంచి వచ్చింది. రివర్స్ ఆస్మోసిస్‌లో పంపుల ఒత్తిడితో నీటిని పలుచని పొర గుండా నెడతారు. ఘనపు మీటరుకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు చాలు. ఫ్లాష్ యంత్రానికి పంపులకే దాదాపు అంత కరెంటు కావాలి, వేడి ఖర్చు వేరే. అయినా గల్ఫ్‌లో ఫ్లాష్ పద్ధతి చాలాకాలం నిలిచింది. అక్కడి సముద్రంలో లీటరుకు 40 గ్రాములు దాటి ఉప్పుంటుంది, నాచు విజృంభించే రోజులుంటాయి. అలాంటి నీటిని ముందుగా జాగ్రత్తగా వడగట్టకపోతే పొర పాడవుతుంది, ఫ్లాష్ గదులు మాత్రం తట్టుకుంటాయి. వడపోత మెరుగయ్యాక కువైట్ కూడా షువైఖ్‌లో రివర్స్ ఆస్మోసిస్ కేంద్రం కట్టుకుంది. ఏ పద్ధతిలోనైనా మిగిలిన చిక్కని ఉప్పునీరు మళ్లీ అదే గల్ఫ్‌లో కలుస్తోంది. ఆ లోతు తక్కువ సముద్రం దాన్ని ఎంతవరకు భరిస్తుందన్నదే ఇప్పుడు ఇంజనీర్ల ముందున్న ప్రశ్న.