నవ్వుకు పెట్టిన పేరు... హాసిని!

పాప పుట్టిందంటే చాలు, ఇంట్లో పెద్ద చర్చ మొదలు... ఏం పేరు పెట్టాలని! నానమ్మకు అమ్మవారి పేరు కావాలి. అమ్మకేమో చిన్నగా, పిలవడానికి హాయిగా ఉండాలి. పునర్వసు మూడో పాదం కాబట్టి 'హా' అక్షరంతో మొదలవ్వాలంటారు పంతులుగారు. ఈ ముగ్గురినీ ఒప్పించే పేరు ఒకటుంది. అదే హాసిని.

సంస్కృతంలో 'హస్' అంటే నవ్వడం. హాసం అంటే నవ్వు. హాసిని అంటే నవ్వుతూ ఉండేది. మందహాసం, దరహాసం దీనికి దగ్గరి చుట్టాలు. వెక్కిరించే పరిహాసం, విలన్ల వికటాట్టహాసం కూడా ఆ కుటుంబంలోవే! లలితా సహస్రనామాల్లో అమ్మవారిని 'చారుహాసా' అంటారు. అందమైన నవ్వు గలది అని అర్థం. ఇక నానమ్మ మాత్రం ఎందుకు కాదంటుంది?

పాత తరంలో సుహాసినులు ఉండేవారు. ముందున్న 'సు' తీసేసిన హాసినిని నలుగురి నోళ్లలో నానేలా చేసింది మాత్రం సినిమానే. 2006 ఆగస్టులో వచ్చిన 'బొమ్మరిల్లు'లో జెనీలియా పాత్ర పేరు హాసిని. ఒకసారి తల తగిలితే కొమ్ములొస్తాయంటూ రెండోసారి ఢీకొట్టే అల్లరిపిల్ల. ఆ సినిమాతో దర్శకుడు భాస్కర్ కాస్తా బొమ్మరిల్లు భాస్కర్ అయిపోయారు. 2008లో తమిళంలో 'సంతోష్ సుబ్రమణ్యం'గా తీసినప్పుడూ ఆ పాత్ర జెనీలియాదే, పేరూ హాసినే.

విచిత్రమేంటంటే... 'నవ్వు నాలుగు విధాల చేటు' అని సామెత చెప్పుకునే జాతి మనది. ఆడపిల్ల పకపకా నవ్వితే 'ఏమిటా ఇకిలింపు' అని కసిరిన ఇళ్లూ మనవే. నిండు సభలో కాదు, మయసభలో ద్రౌపది నవ్విందనే కదా భారతయుద్ధం దాకా వచ్చిందని ఇప్పటికీ ఆమెనే తప్పుపడతాం! అలాంటి చోట కూతురికి ఏకంగా నవ్వునే పేరుగా పెట్టుకోవడం చిన్న మార్పేమీ కాదు.

అయితే ఆ సినిమా రెండో సగం కూడా గుర్తుచేసుకోవాలి. పెళ్లికి ముందు కొన్నాళ్లు హీరో ఇంట్లో ఉండటానికి వస్తుంది హాసిని. ఆ ఇంటి పద్ధతులకు తగ్గట్టు మారాలని తంటాలు పడుతుంది. గట్టిగా మాట్లాడటం తప్పు, అల్లరి తప్పు. చివరికి తనలో తానే మిగలక, ఇక్కడ ఉండలేనని వెళ్లిపోతుంది. పేరులో నవ్వున్నా ఇంట్లో చోటు లేకపోతే ఏం లాభం?

బొమ్మరిల్లు వచ్చిన కొత్తలో పుట్టిన హాసినులు ఇప్పుడు కాలేజీ దాటుతున్నారు. కొందరు ఉద్యోగాలకు, కొందరు అత్తారిళ్లకు వెళతారు. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో మూడక్షరాలు రాయడం తేలికే. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఆ పిల్ల గట్టిగా నవ్వినప్పుడు, నలుగురూ తిరిగి చూస్తున్నారని 'ష్...' అనకుండా ఉండటమే కష్టం. ఆ పేరు పెట్టినవాళ్ల బాధ్యత కూడా అదే!