కరెంటు కారు కొనేముందు ఇంటి వైరు చూసుకోవాలి

వేములవాడ: రాజన్న దర్శనానికి వచ్చే కార్లలో పచ్చ నంబరు ప్లేటువి కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. కరీంనగర్ నుంచి హైదరాబాదుకు 2024 సెప్టెంబరులో కరెంటు బస్సులు మొదలయ్యాయి. పెట్రోలు ఖర్చు భరించలేక మనమూ ఒక కరెంటు బండి తీసుకుందామా అనుకునేవారు ఊళ్లల్లోనూ ఉన్నారు. అయితే ధర అడిగినంత శ్రద్ధగా దాని మేత సంగతి కూడా అడగాలి.

ఈ కారుకు ఇంజను ఉండదు. అడుగున పరిచిన పెద్ద బ్యాటరీ, దానితో తిరిగే మోటారు, ముఖ్యమైనవి ఈ రెండే. బ్యాటరీ ఎంతదో యూనిట్లలో చెబుతారు. మన మీటరులో తిరిగే యూనిటే అది. ఒక మోస్తరు కారు బ్యాటరీ 30 యూనిట్లది. చార్జింగులో కొంత వేడిగా పోతుంది కనుక నిండా ఎక్కేసరికి మీటరు మీద 33, 34 యూనిట్లు పడతాయి. దానితో మన రోడ్ల మీద 200 కిలోమీటర్లు వస్తే బాగా వచ్చినట్టే. కంపెనీ కాగితం మీది లెక్క నమ్ముకొని హైదరాబాదు పోయి రావచ్చనుకుంటే దారిలో ఆగవలసి వస్తుంది.

ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు 3 యూనిట్ల చొప్పున ఎక్కుతుంది. ఖాళీ బ్యాటరీ నిండడానికి రాత్రంతా పడుతుంది. బావికాడి 5 హెచ్.పి. మోటారు లాగేది సుమారు 4 కిలోవాట్లు. కాబట్టి రాత్రంతా ఇంట్లో ఒక బావి మోటారు నడిపినంత పని. లైట్లకు, ఫ్యాన్లకు వేసిన సన్న వైరు దీనికి ఆగదు. మీటరు దగ్గరి నుంచి మందమైన రాగి వైరు, విడిగా ఎం.సి.బి., సరైన ఎర్తింగు ఉండాలి. ఇంటి లోడు ఒక కిలోవాటుకే రాయించి ఉంటే పెంచుకోక తప్పదు. 1970 నుంచి ఈ ప్రాంతానికి కరెంటు ఇస్తూ వచ్చిన సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం, మనవాళ్లు సెస్ అనేది, సభ్యుల సంఘమే. లోడు దాచి వాడితే ట్రాన్స్‌ఫార్మరు కాలేది మన వాడలోనే.

బావి కనెక్షనుకు తగిలిస్తే సరిపోదా అనుకోరాదు. ఆ ఉచిత కరెంటు సేద్యానికి ఇచ్చినది. వేరే పనికి వాడితే చట్టప్రకారం జరిమానా తప్పదు.

ఆటో నడుపుకొనేవారు మరో లెక్క చూసుకోవాలి. సుమారు 7 యూనిట్ల బ్యాటరీ ఆటోను రోజూ నింపితే నెలకు 200 యూనిట్లు దానికే అయిపోతాయి. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి సున్నా బిల్లు 200 యూనిట్ల లోపు వారికే. ఇంటి మీటరుకే ఆటో తగిలిస్తే ఆ మేలు పోతుంది. వేరే మీటరు సంగతి సెస్ ఆఫీసులో ముందే అడగడం మంచిది.

ఇక కరెంటు బండికి పొగ లేదంటారు. మన వీధిలో లేని మాట నిజమే గాని, రామగుండం వంటి చోట్ల బొగ్గు కాలుతూనే ఉంటుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. ఆ ఏడాది దేశంలో ఇటువంటివి మరికొన్ని జరిగాక కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు కఠినం చేసింది. అయినా మనుషులు పడుకునే గదిలో చార్జింగు పెట్టరాదు. బండితో ఇచ్చిన చార్జరే వాడాలి. ఎండలో తిరిగి వచ్చిన బండిని కాసేపు నీడన చల్లారనిచ్చి పెట్టడం మేలు.

మరమ్మతు ఖర్చు మాత్రం తక్కువే. ఇంజనాయిలు, క్లచ్చి, ప్లగ్గులు ఉండవు. కాలు తీయగానే మోటారే డైనమోలాగా తిరిగి కొంత కరెంటు బ్యాటరీకి పంపుతుంది కనుక బ్రేకులు కూడా తొందరగా అరగవు. టైర్లు, బ్రేకు ఆయిలు, బ్యాటరీని చల్లబరిచే కూలెంటు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ చూసుకుంటూ ఉండాలి. పెద్ద బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి రోజుల తరబడి వదిలేస్తే పాడవుతుంది. బండి ధరలో పెద్ద వాటా దానిదే. చాలా కార్లకు దాని గ్యారంటీ 8 ఏళ్లు ఉంటుంది, ఆ కాగితం జాగ్రత్త చేసుకోవాలి.

పంక్చరు, బ్రేకులు మన మెకానిక్కులు చూడగలరు. నారింజ రంగు తొడుగు వైర్లను మాత్రం శిక్షణ లేనివారు ముట్టరాదు. వాటిలో 300 వోల్టులకు పైగా ఉంటుంది, బండి ఆపినా బ్యాటరీలో కరెంటు ఉంటూనే ఉంటుంది.