పుట తిప్పేవారే కథానాయకులు

"వ్యోమనౌక తలుపు తెరుచుకుంది. లోపల ఏదో కదిలింది. పలకరించదలిస్తే 14వ పుటకు వెళ్లు. దాక్కోదలిస్తే 22వ పుటకు వెళ్లు."

పై వాక్యాలు ఉదాహరణకై మేము కల్పించినవి. ఈ తీరున సాగే బాలల పుస్తకాలను పాఠకులలో పలువురు చూసే ఉంటారు. వీటిలో కథానాయకుడు మరెవరో కాదు, చదివే పిల్లవాడే. గ్రహాంతరవాసి ఎదురైనప్పుడు ఏం చేయాలో అతడే నిర్ణయించాలి. ఫలితమూ అతడే అనుభవించాలి. ఇవి కేవలం కాలక్షేపానికేనని తోసిపుచ్చడం తగదని మా అభిప్రాయం.

ఈ ప్రక్రియకు ఆద్యులలో ఒకరైన ఎడ్వర్డ్ ప్యాకర్డ్ అమెరికాకు చెందిన న్యాయవాది. రాత్రివేళ కుమార్తెలకు కథ చెబుతూ, ఊహ అందక, తరువాత ఏం జరగాలో వారినే అడిగారు. వారు వేర్వేరు సమాధానాలు చెప్పడంతో కథ చీలింది. ఆ ఆలోచనతో 1969లో రాసిన 'షుగర్‌కేన్ ఐలాండ్' 1976లో గాని అచ్చుకాలేదు. 1979లో బాంటమ్ సంస్థ 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' అనే పుస్తకమాలను ప్రారంభించింది. అందులో తొలి పుస్తకమైన 'ది కేవ్ ఆఫ్ టైమ్'కు 40 ముగింపులున్నాయి. 1998 వరకు సాగిన ఆ మాల 25 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనట్లు ప్రచురణకర్తల లెక్క.

ఇంజనీరు దృష్టితో చూస్తే ఈ నిర్మాణం ఆసక్తికరమైనది. ప్రతి మలుపులో రెండేసి దారులుంటే ఐదు మలుపులకు 32 ముగింపులు, మొత్తం 63 ఘట్టాలు అవసరమవుతాయి. పది మలుపులైతే ముగింపులు 1,024, ఘట్టాలు 2,047. అంతటి గ్రంథాన్ని పిల్లవాడు మోయలేడు. అందువల్ల రచయిత కొన్ని దారులను త్వరగా ముగిస్తాడు, కొన్నింటిని తిరిగి కలుపుతాడు. రైలు పట్టాలు తయారుచేసే మనకు ఈ పోలిక కొత్త కాదు. పాయింట్ల వద్ద చీలిన దారులు యార్డు దాటేసరికి మళ్లీ కలవడం లేదా!

శ్రోతను ప్రశ్నించి ఇరుకున పెట్టే కథలు మనకూ ఉన్నాయి. 11వ శతాబ్దిలో సోమదేవుడు 'కథాసరిత్సాగరం'లో చేర్చిన భేతాళ కథలు 'చందమామ' ద్వారా ఇంటింటికీ పరిచయమయ్యాయి. విక్రమార్కుని ముందున్న దారులు రెండే. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. చివరి ప్రశ్నకు నిజంగా సమాధానం తోచక మౌనం వహించినప్పుడే ఆయనకు విముక్తి. చెప్పిన రెండు దారులకూ వెలుపల మూడవది ఉండవచ్చునన్నమాట.

ప్యాకర్డ్ 1982లో రాసిన 'ఇన్‌సైడ్ యు.ఎఫ్.ఓ. 54-40' కూడా ఈ సంగతినే చెబుతుంది. కాంకార్డ్ విమానంలో వెళ్తున్న పాఠకుడు హఠాత్తుగా గ్రహాంతరవాసుల నౌకలో తేలుతాడు. అల్టిమా అనే ఆనందమయ గ్రహం వర్ణన ఆ పుస్తకంలో ఉంది. కాని ఏ దారి ఎంచుకున్నా ఆ పుట రాదు. సూచనలను పక్కనపెట్టి పుటలు తిరగేసిన వారికే అది దొరుకుతుంది. కర్మాగారంలో భద్రతా నియమాలను మీరవచ్చునని దీని అర్థం కాదు. పుస్తకంలో తప్పుదారి పడితే, వేలు పెట్టి ఉంచిన పుటకు తిరిగి రావచ్చు. బ్లాస్ట్ ఫర్నేస్ ముందు ఆ వెసులుబాటు లేదు. కనుకనే వెనక్కు రాగల చోట నిర్ణయాలు అభ్యసించడం పిల్లలకు మేలు.

అపరిచితుణ్ణి ఎదుర్కోవడం మన ఊరికి కల్పన కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నడుమ రష్యన్ నిపుణులు, తెలుగువారితో సహా అనేక రాష్ట్రాలవారు, స్థానిక ఛత్తీస్‌గఢ్ ప్రజలు ఒకేచోట కలిసి పనిచేశారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. పలకరించడమా, దూరంగా ఉండడమా అన్న ప్రశ్న వారికీ ఎదురైంది. పలకరించే పుట తిప్పినందువల్లనే ఈ కర్మాగారం లేచి నిలిచింది. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకలు తీసుకువెళ్లిన 55 భాషల శుభాకాంక్షలలో తెలుగు కూడా ఉన్నది. గ్రహాంతరవాసి ఎదురైతే మన భాష ఎంచుకున్నదీ పలకరింపే.

అయితే ఇక్కడ మన ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలలో ఎందరో బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతూ తెలుగు లిపికి దూరమవుతున్నారు. సెలవు దినాలలో ఒక ప్రయత్నం చేయవలసిందిగా తల్లిదండ్రులను, తాతమ్మలను కోరుతున్నాము. మూడు మలుపుల కథకు 15 కాగితాలు చాలు. మైత్రీ బాగ్ చెరువు ఒడ్డున ఒక వ్యోమనౌకను దింపండి. ప్రతి కాగితం చివర రెండు దారులు పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. అమ్మమ్మ ఒక దారి చెబితే మనవరాలు మరొకటి చెప్పవచ్చు. తరువాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న తహతహతో బిడ్డ తానే అక్షరాలు కూడబలుక్కుంటుంది. ఏ పుట తిప్పాలో తేల్చుకోవడానికి ముందు తెలుగు చదవక తప్పదు గదా!