మీకు తెలుసా? సింహం మొదట మార్కుది కాదు

వెనిస్ నగరపు రెక్కల సింహం మార్కు సువార్తకు గుర్తు; కానీ క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఐరేనియస్ ఆ సింహాన్ని యోహానుకు కట్టబెట్టి, మార్కుకు పక్షిరాజును ఇచ్చాడు.

ఈ జీవులు ప్రకటన గ్రంథం 4వ అధ్యాయంలోవి. సింహాసనం చుట్టూ నాలుగు: సింహం, దూడ, మనిషి ముఖం గలది, ఎగిరే పక్షిరాజు. ఒక్కోదానికి ఆరు రెక్కలు, ఒళ్లంతా కళ్లు. యెహెజ్కేలు దర్శనంలోనైతే ఒక్కో జీవికే నాలుగు ముఖాలు, రెక్కలు మాత్రం నాలుగే. ఇవి సువార్తికులని ప్రకటన గ్రంథం ఎక్కడా అనదు. ఆ జతలు కుదిర్చింది తర్వాతి పండితులు.

ఇప్పుడు చలామణిలో ఉన్నది 4వ శతాబ్దం చివర పండితుడు జెరోమ్ స్థిరపరిచిన, మార్కుకు సింహాన్నిచ్చే వరుస. అయినా డబ్లిన్ ట్రినిటీ కాలేజీలోని ‘బుక్ ఆఫ్ డురో’లో, సుమారు 1300 ఏళ్ల నాటి ఆ చేతిరాత ప్రతిలో, యోహాను సువార్త ముందు నిలిచింది సింహమే. రెక్కలు లేవు, ఒంటిమీద ఎరుపు, ఆకుపచ్చ గళ్లు.

ఈ జతలకు చెప్పిన కారణాలు మరీ విచిత్రం. మార్కు ఆరంభంలోని ప్రవచనం ఐరేనియస్‌కు పైనుంచి దిగివచ్చిన ఆత్మలా తోచింది, కాబట్టి పక్షి. అదే ఆరంభంలో అరణ్యంలో కేక వేసే స్వరం జెరోమ్‌కు సింహగర్జనలా వినిపించింది. ఒకే పేజీ, రెండు జంతువులు! మరో పండితుడు అగస్టీన్ అయితే సింహాన్ని మత్తయికిచ్చాడు. లూకా దూడను మాత్రం ముగ్గురూ కదపలేదు. ఆ సువార్త యాజకుడైన జెకర్యా ఆలయంలో ధూపం వేయడంతో మొదలవుతుంది, దూడేమో బలిపశువు.