ఏసీ గదికి గాలి ఎటునుంచి? గోడకు బొక్క కొట్టే ముందు చూసుకోవలసినవి

కెనడాలోనో అమెరికాలోనో ఉంటున్న పిల్లలు సెలవులకు పొల్లాచ్చి వచ్చినప్పుడు ఈ మధ్య మన ఇళ్ళల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "నాయనా, కిటికీలన్నీ మూసి ఏసీ వేసుకున్నారు సరే, మంచి గాలి ఎటునుంచి వస్తుంది?" అని. ఏసీ నుంచే వస్తుందని మనలో చాలామంది నమ్మకం. అది తప్పు. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. బయటి గాలిని ఒక్క గుక్కెడు కూడా లోపలికి తేదు.

మన తాతల కాలపు పెంకుటిళ్ళకు ఈ బాధ లేదు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి దానంతటదే పైకి పోయేది, వాకిట్లోంచి చల్లగాలి వచ్చేది. తర్వాత మిద్దె ఇళ్ళు వచ్చినా కిటికీ పైన గాజు పలకల వెంటిలేటర్ ఉండేది. ఇప్పుడు ఏసీ బిగించిన రోజే ఆ వెంటిలేటర్‌ను థర్మోకోల్‌తో మూసేస్తున్నాం. చల్లదనం బయటికి పోకూడదని చేసే పని అది, పొరపాటని చెప్పలేం. కానీ తలుపు మూసిన ఆ గదిలో పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ముగ్గురు నలుగురు రాత్రంతా పడుకుంటారు. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల భాగాలకు సుమారు 420 ఉంటుంది. ఇద్దరు పడుకున్న మూసిన గదిలో తెల్లారేసరికి అది 2000 దాటడం అరుదేమీ కాదు. పొద్దున లేవగానే తల బరువు, నిద్ర చాలనట్టు ఉండటం అందుకే కావచ్చు.

చలిదేశాల్లో దీనికి వాడే పెట్టె పేరు హీట్ రికవరీ వెంటిలేటర్. 1977లో కెనడాలోని రెజైనాలో కట్టిన సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ అనే ఇంట్లో ఇలాంటిది పెట్టారు. ఇలాంటి ఇళ్ళల్లో అది తొలి తరానిది. పని చేసే తీరు తేలిక. ఒక ఫ్యాను ఇంట్లోని పాత గాలిని బయటికి తోస్తుంది, ఇంకొకటి బయటి గాలిని లోపలికి లాగుతుంది. పెట్టె మధ్యలో పలుచటి రేకుల దొంతర ఉంటుంది. రెండు గాలులూ ఒకదాని పక్కన ఒకటి పోతాయి గాని కలవవు. వేడి మాత్రం రేకు దాటి ఇటునుంచి అటు మారుతుంది.

మన ఊరికి ఇది లాభమా? లెక్క వేసి చూద్దాం. దొంతర వేడిలో నూటికి 70 పాళ్ళు తిరిగి ఇస్తుందనుకుందాం. టొరాంటోలో బయట మైనస్ 15, లోపల 21 అంటే తేడా 36 డిగ్రీలు. అక్కడ లోపలికి వచ్చే గాలి 10 డిగ్రీలకు వేడెక్కి వస్తుంది. పొల్లాచ్చి ఎండాకాలంలో బయట 36, లోపల 25, తేడా 11 మాత్రమే. బయటి గాలి 28 దగ్గరికి చల్లబడి వస్తుంది. అక్కడ 25 డిగ్రీలు మిగిలితే ఇక్కడ మిగిలేది 8 కన్నా తక్కువ. అదీ ఏసీ నడిచే గంటల్లోనే. పైగా మన దగ్గర వేడి కన్నా తేమ పెద్ద సమస్య. మామూలు రేకుల పెట్టె తేమను ఆపదు. తేమను కూడా మార్చే పొర ఉన్న రకం, ఈఆర్‌వీ అంటారు, అదైతేనే మన వాతావరణానికి కుదురుతుంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఏడాదిలో ఎక్కువ నెలలు కిటికీ తీసుకుని పడుకోగలిగిన ఇంటికి ఈ పెట్టె అక్కర్లేదు. పడకగదికి ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదుటి గోడకు జాలీ పెట్టిన ఒక గాలి బొక్క చాలు. రోడ్డు దుమ్ము, కొబ్బరి పీచు పొడి, ఉబ్బసం ఉన్నవాళ్ళు, ఎప్పుడూ మూసి ఉండే ఇల్లు, వీటిలో ఏదైనా ఉంటే ఈఆర్‌వీ సంగతి ఆలోచించవచ్చు. ఎంత గాలి కావాలో అమెరికాలో వాడే లెక్క ఒకటుంది. చదరపు అడుగుకు 0.03 చొప్పున, పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి దాన్ని 7.5తో హెచ్చవేసి, రెండూ కూడాలి. 1200 అడుగుల మూడు పడకగదుల ఇంటికి 36, 30 కలిపి నిమిషానికి 66 ఘనపుటడుగులు. దుకాణంలో 200 పెట్టె అంటగడితే అది ఎక్కువే.

పెట్టె ఏదైనా, చిన్న ఫ్యానైనా, ఇంటి బయట కనిపించే పని ఒకటే. గోడకు రెండు బొక్కలు, ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. చెడేది ఎక్కువగా ఇక్కడే.

మా ఇంటి సంగతే చెబుతాం. పనికి వచ్చిన ఫిట్టర్ రెండు బొక్కలూ పక్కపక్కనే, జానెడు దూరంలో కొట్టాడు. చూడటానికి అందంగా ఉంటుందన్నాడు, మేమూ సరేనన్నాం. ఇంట్లోంచి పోయిన గాలే తిరుగుదారిన ఇంట్లోకి వచ్చేది. చేపల పులుసు వండిన రోజు తెలిసొచ్చింది. అది చాలదన్నట్టు బొక్కలు పడమటి గోడకు ఉండటంతో, జూన్‌లో పాలక్కాడు కనుమ గాలి మొదలవగానే వానజల్లు పైపులోంచి నేరుగా లాఫ్ట్‌లోకి దిగింది. రెండోసారి గోడ తొలిపించుకోవడానికి అయిన ఖర్చు మొదటిదానికన్నా ఎక్కువ.

వచ్చే బొక్కకూ పోయే బొక్కకూ మధ్య కనీసం 6 అడుగులు ఉండాలి. రెండూ వేర్వేరు గోడలకు ఉంటే ఇంకా మంచిది. వచ్చే బొక్క నేలకు అడుగున్నర పైనే ఉండాలి. వంటింటి చిమ్నీ, మరుగుదొడ్డి గాలిపైపు, సెప్టిక్ ట్యాంకు పైపు, గ్యాస్ గీజర్ పొగగొట్టం, జనరేటర్, బండ్లు నిలిపే చోటు, పశువుల కొట్టం, వీటికి 10 అడుగుల దూరం పాటించాలి. మన వీధుల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కనుక పక్కింటి చిమ్నీ ఎటు తిరిగి ఉందో కూడా చూడాలి. మన పోయే గాలి వాళ్ళ కిటికీలోకి పోకుండా చూడటమూ మన పనే. వెనక స్థలంలో కొబ్బరి మట్టలు కాల్చే అలవాటు ఉంటే ఆ వైపు వద్దు.

దిక్కు విషయానికొస్తే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి పడమటి నుంచి. పోయే బొక్కను ఆ గోడకు పెడితే ఎదురుగాలికి ఫ్యాను మొరాయిస్తుంది. అక్టోబరు నుంచి ఈశాన్యపు వానలు. అంటే పూర్తిగా క్షేమమైన గోడ అంటూ లేదు. సన్‌షేడ్ కింద, నోరు కిందికి తిరిగిన మూత పెట్టడమే మార్గం.

బొక్కను సుత్తీ ఉలితో కొట్టించకండి, కోర్ కటింగ్ మిషన్‌తో తొలిపించండి. కొత్తనారు "అయ్యా, పది నిమిషాల పని" అని సుత్తి ఎత్తితే గోడ అవతలి వైపు పెచ్చులు ఊడతాయి. స్తంభం, బీమ్, లింటల్ తాకకూడదు. 6 అంగుళాల పీవీసీ పైపు బయటి కొలత 160 మిల్లీమీటర్లు కనుక 7 అంగుళాల బొక్క కావాలి. 9 అంగుళాల గోడలో బయటి అంచు లోపలి అంచు కన్నా అర అంగుళం పల్లంగా ఉంటే నీరు వెనక్కి రాదు. చుట్టూ సందు ఫోమ్‌తో నింపి, బయట సీలెంట్ పూయాలి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు పూత పని కాకముందే పైపు ముక్కలు గోడలో పెట్టేస్తే ఈ తంటా ఉండదు.

బయటి మూతకు పావు అంగుళం కన్నుల జాలీ చాలు, పిచ్చుకలూ ఎలుకలూ రాకుండా. దోమల జాలీని అక్కడ బిగిస్తే నెల తిరగకుండానే పీచుపొడితో మూసుకుపోతుంది, నిచ్చెన వేసుకుని ఎక్కి తుడవాలి. దోమల జాలీ, ఫిల్టరు లోపల చేయి అందే పెట్టెలోనే పెట్టుకోండి, నెలకోసారి తుడవండి. ఈఆర్‌వీ దొంతర కాగితం రకమైతే నీళ్ళతో కడగకూడదు. దుమ్ము పీల్చే మిషన్‌తోనే.

స్లాబు కింద లాఫ్ట్‌లో పోయే పైపులకు ఏసీ పైపులకు చుట్టే నల్ల రబ్బరు ఫోమ్ చుట్టించండి. లేకపోతే దొంతర మిగిల్చిన చల్లదనమంతా ఆ లాఫ్ట్ వేడికే పోతుంది. ఏసీని 18, 20 దగ్గర పెట్టేవాళ్ళ ఇంట్లో పైపుకు చెమట పట్టి సీలింగ్ మీద మచ్చలు కూడా వస్తాయి. వంటింటి చిమ్నీని మాత్రం ఈ పైపులకు ఎప్పుడూ కలపకండి, జిడ్డు పేరుకుంటుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉన్న ఇంట్లో, గాలి వచ్చే దారి లేకుండా బయటికి లాగే ఫ్యాను మాత్రమే పెట్టకండి. ఇల్లు గట్టిగా మూసి ఉంటే ఆ ఫ్యాను గాలి కోసం గీజర్ పొగగొట్టంలోంచే వెనక్కి లాగుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్ళిన మనిషి అరవకుండానే పడిపోతాడు. మన దేశంలో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు దాదాపు ప్రతి చలికాలమూ చదువుతూనే ఉన్నాం. గ్యాస్ గీజర్‌ను గది బయట బాల్కనీకి మార్చి, వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి తెచ్చుకోండి. ఫ్యాను, ఈఆర్‌వీ సంగతి ఆ తర్వాత.

బిగించాక ఫిట్టర్ వెళ్ళకముందే ఒక అగరబత్తి వెలిగించండి. తలుపులు మూసి, ఫ్యానులన్నీ, చిమ్నీతో సహా, వేసి, వచ్చే జాలీ దగ్గర పట్టుకుంటే పొగ గదిలోకి వంగాలి, పోయే జాలీ దగ్గర లోపలికి పీల్చుకోవాలి. పొయ్యి, గీజర్ ఆపి ఉన్నప్పుడు గీజర్ పొగగొట్టం మూతి దగ్గర కూడా పట్టుకుని చూడండి. అక్కడ పొగ గదివైపు తిరిగితే డబ్బు ఇవ్వకండి, ముందు గాలి వచ్చే బొక్కను పెద్దది చేయించండి.